తిండికి పేచీ పెట్టే పెద్దవాళ్ళు

అన్నం దగ్గర పేచీ పెట్టే పిల్లల గురించి పత్రికల్లో కావలసినన్ని సలహాలు వస్తుంటాయి. కథ చెప్పి తినిపించండి, చందమామను చూపించండి, కూరముక్కల్ని పువ్వుల్లా కోయండి అని. కాని ఆ పిల్లవాడికి ముప్ఫయ్యేళ్ళు దాటి, మీసం వచ్చి, ఉద్యోగం కూడా వచ్చి, అయినా కంచం ముందు కూచుని ఇంకా కరివేపాకు ఏరుతూ వుంటే ఏం చెయ్యాలో ఎవరూ రాయరు. అతనికి చందమామను చూపించలేం. కాస్త గట్టిగా చెబితే, “పోనీలే, ఆఫీసు దగ్గర ఏదో తింటాను” అని లేచిపోతాడు. ఆ ‘ఏదో’ ఏమిటో మనకి తెలుసు. పొద్దున రెండు కప్పుల టీ, మధ్యాహ్నం నాలుగు బజ్జీలు, సాయంత్రానికి కడుపులో మంట.

ఈ పేచీకి ఆడా మగా తేడా లేదు. మా కాలేజీ స్టాఫ్ రూములో మధ్యాహ్నం పన్నెండున్నరకి పది డబ్బాల మూతలు తెరుచుకుంటాయి. వాటిలో రెండు మూడు సగం నిండుగానే మళ్ళీ మూతపడతాయి. ఇడ్లీ రాయిలా అయిందని ఒకరు, కూర నీరంతా అన్నంలోకి దిగిందని ఒకరు, పొద్దున తిన్నదే మళ్ళీనా అని ఇంకొకరు. తెల్లవారుజామున లేచి, హడావుడి పడి కట్టుకున్న డబ్బా సాయంత్రం గిన్నెలు తోమేచోట గుమ్మరింపబడుతుంది. డబ్బు వృథా సరే, అన్నం వృథా సరే. ఆ పొద్దున పోగొట్టుకున్న గంట నిద్ర మాట ఏమిటి?

“మా వారు బ్యాంకులో పని చేస్తారు. డబ్బాలో ఏం పెట్టినా తిరిగి వస్తుంది. నేనూ ఉద్యోగానికి వెళ్ళాలి. రోజూ పొద్దున్నే మూడు రకాలు వండలేకపోతున్నాను” అని రాసే సోదరీమణులు చాలామంది వున్నారు. వారందరికీ విడివిడిగా జవాబు రాసేకంటే, మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబితే మేలనిపించింది.

మా తమ్ముడు తెనాలిలో వుంటాడు. ముప్ఫయి ఆరేళ్ళవాడు, ఇంకా పెళ్ళి కాలేదు. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం. రోజూ పొద్దున ఏడూ ఇరవైకల్లా స్టేషన్లో వుండాలి. వాడి కోసం మా అమ్మ నాలుగింటికే లేచేది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. అయినా స్టవ్వు ముందు గంటన్నర నిలబడి టిఫిను వేరే, డబ్బాలోకి కూర వేరే, పచ్చడి వేరే చేసేది. వాడు అందులో సగం తినేవాడు, సగం ఏరేవాడు. కిందటి సంవత్సరం అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. మూడు నాలుగు నెలలపాటు వంటింట్లో నిలబడవద్దని డాక్టరు చెప్పేసరికి గుంటూరు మా ఇంటికి తీసుకువచ్చాను. మంచం మీద వున్న మనిషి రోజూ అడిగే మొదటి మాట ఒకటే. “వాడేం తింటున్నాడే?”

వాడేం తింటున్నాడో రెండు వారాల్లోనే తేలింది. పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నం నచ్చితే హోటలు, నచ్చకపోతే బిస్కట్లు. కడుపులో మంట మొదలై డాక్టరు దగ్గరికి వెడితే, ఆయన రెండు మాత్రలు రాసి, “వేళకి ఇంటి తిండి తినండి” అని పంపించాడట. ఇంటి తిండి ఎక్కడినుంచి వస్తుంది?

నేను వాడికి ఉపదేశం చెయ్యలేదు. ఉపదేశంతో ఆకలి తీరదు. ఒక కాగితం తీసుకోమన్నాను. “ఎడమవైపు నువ్వు పేచీ లేకుండా తినేవి రాయి. కుడివైపు తిననివి రాయి. ఎందుకు తినవో ప్రతిదానికీ ఎదురుగా ఒక్క మాట రాయి” అన్నాను. ఎడమవైపు తొమ్మిది పేర్లు వచ్చాయి. కుడివైపు ఇరవై మూడు. కాని ఆ ఇరవై మూడింటికీ రాసిన కారణాలు చూస్తే తమాషాగా మూడే మూడు. డబ్బాలో నాని మెత్తబడిపోతుంది. చల్లారితే ముద్ద కడుతుంది, లేదా గట్టిపడుతుంది. మూత తీయగానే గదంతా వాసన. అంతే! వంకాయ కుడివైపు వుంది. కాని ఇంట్లో వేడివేడిగా గుత్తివంకాయ పెడితే వాడే మూడు తింటాడు. అంటే వాడి పేచీ వంకాయతో కాదు, మధ్యాహ్నం ఒంటిగంటకి డబ్బాలో వుండే వంకాయతో.

మీ ఇంట్లో పేచీకోరు ఎవరైనా సరే, ముందు ఈ కాగితం రాయించండి. నూటికి తొంభై పేచీలు రుచితో కావు, తడితోనో చల్లదనంతోనో వాసనతోనో వస్తాయి. ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మిగిలిన సగానికి సూత్రం ఒకటే. ముందుగా వండి పెట్టుకోవడం వేరు, ముందుగా అమర్చి పెట్టుకోవడం వేరు. ఆదివారం వండేసి గురువారందాకా తినమంటే పేచీ లేనివాడు కూడా పేచీ పెడతాడు. ఆదివారం సగం దూరం నడిచి ఆగాలి. మిగతా సగం ఏరోజుకారోజు పొద్దున పది నిమిషాల్లో నడవాలి.

ముందురోజు అమర్చుకోవడం మనకేమీ కొత్త కాదు. ‘పెద్దల మాట చద్దిమూట’ అన్న సామెత వున్న జాతి మనది. పోతనగారి భాగవతం దశమస్కంధంలో గోపబాలురు చల్దులు ఆరగించే ఘట్టం క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఒక సంగతి తోస్తుంది. కృష్ణుడు మీగడపెరుగు కలిపిన చల్దిముద్దను ఎడమచేతిలో పెట్టుకుని, ఊరగాయల్ని వేళ్ళ సందుల్లో ఇరికించుకుంటాడు. ముద్ద ముద్దే, నంజుడు నంజుడే. రెండూ ఇంటి దగ్గరే కలిపి మూట కట్టుకురాలేదు! డబ్బా కట్టేవాళ్ళందరూ నేర్చుకోవలసిన మొదటి పాఠం అది. తడిది వేరు, పొడిది వేరు. కలిపేది తినేముందు.

పొద్దుటి ఫలహారం

తెనాలి నుంచి బండెక్కేవాడికి పొద్దున దొరికే సమయం అరగంట. అందులో స్నానం పోగా వంటకి మిగిలేది పది, పదిహేను నిమిషాలు. అంచేత మూడు వస్తువులు సిద్ధంగా వుండాలన్నాను.

మొదటిది ఇడ్లీపిండి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నానాలి. రవ్వ గంట నానబెట్టి, రెండు మూడు నీళ్ళు పోసి కడిగి, గట్టిగా పిండి, రుబ్బిన పిండిలో కలపాలి. వేసవిలో ఆరేడు గంటలకే పొంగుతుంది, చలికాలం పన్నెండు గంటలైనా పడుతుంది. పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. ఉప్పు మొత్తానికి వెయ్యకండి. ఏరోజు ఎంత తీస్తే అంతలోనే వేసుకోండి, పిండి తొందరగా పులవదు. మొదటి రెండు రోజులు ఇడ్లీ. మూడో రోజు కాస్త పులుపెక్కుతుంది కనుక దిబ్బరొట్టె గాని, ఉల్లిపాయలు చల్లి ఊతప్పం గాని. అంటే పిండి ఒక్కటే, ఫలహారాలు రెండు మూడు. రోజూ అదేనా అన్న పేచీ అక్కడికక్కడే తీరిపోతుంది.

ఇడ్లీని డబ్బాలో తీసుకుపోయేవాళ్ళకి ఒక చిన్న సంగతి. దించిన వెంటనే ఇడ్లీకి అన్ని వైపులా నెయ్యి గాని నువ్వులనూనె గాని రాసి, పైన కందిపొడి అద్దండి. మధ్యాహ్నానికి కూడా గట్టిపడదు, చట్నీతో నానదు. కొబ్బరిచట్నీ మాత్రం డబ్బాలో వద్దు. మన ఎండలకి అది ఆఫీసు చేరేలోపలే పాడవుతుంది.

రెండోది పెసలు. పెసరట్టుకి పిండి పులవనక్కరలేదు కనుక సోమరిపోతుల పాలిటి కామధేనువు అది. రాత్రి పడుకోబోయేముందు గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం కలిపి నానబెడితే చాలు. పొద్దున నీళ్ళు వార్చి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి మిక్సీలో తిప్పితే అయిదు నిమిషాలు. నానిన పెసలు నీళ్ళు వార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటాయి. పొద్దున్నే పప్పుధాన్యం కడుపులో పడుతుంది. మధ్యాహ్నందాకా ఆకలి తొందరపెట్టదు.

మూడోది వేయించిపెట్టిన ఉప్మారవ్వ. ఇది నేను హాస్టల్లో వుండే పిల్లలకి కూడా చెబుతుంటాను. మూడు పెద్ద చెంచాల నెయ్యి గాని నూనె గాని కాచి, శెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, జీడిపప్పు పలుకులు వేయించి, కరివేపాకు గలగలమనేదాకా వేగనిచ్చి, అందులో అరకిలో బొంబాయిరవ్వ పోసి సన్నని సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. సరిపడా ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక పొడి సీసాలో పోసి మూత బిగించండి. పచ్చిమిర్చి, ఉల్లిపాయ ఇందులో పడకూడదు. తడి తగిలితే పాడవుతుంది. రెండు మూడు వారాలు నిలవ వుంటుంది. కావలసినప్పుడు గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్ళు మరగనిచ్చి, రవ్వ పోస్తూ కలిపి, మూతపెట్టి మూడు నిమిషాలుంచితే ఉప్మా తయారు. ఉప్మాని వేడిగా తినాలి, చల్లారితే గడ్డకడుతుంది. అంచేత ఇది ఇంట్లో తినేందుకేగాని డబ్బాలోకి పనికిరాదు. మా తమ్ముడి కాగితంలో ఉప్మా కుడివైపు వుండేది. కారణం దగ్గర ‘ముద్ద’ అని రాశాడు. ఇంట్లో వేడిగా తినడం మొదలెట్టాక దాన్ని కొట్టేసి ఎడమవైపు రాసుకున్నాడు.

మధ్యాహ్నపు డబ్బా

డబ్బా అన్నం దగ్గరే అసలు తగాదా. దీనికీ మూడు సీసాలు, ఒక గిన్నె వుంటే చాలు.

పులిహోర పులుసు సీసా ఒకటి. 100 గ్రాముల చింతపండు వేడినీళ్ళల్లో నానబెట్టి చిక్కగా గుజ్జు తియ్యండి. ఆరు పెద్ద చెంచాల నువ్వులనూనెలో పోపు వేయించి, చీల్చిన పచ్చిమిర్చి, పసుపు వేసి, గుజ్జు పోసి, ఉప్పు, చిటికెడు బెల్లం వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించండి. ఇరవై నిమిషాల పని. ఒక్క మనిషికైతే ఏడెనిమిది డబ్బాలకు వస్తుంది, ఫ్రిజ్‌లో మూడు వారాలుంటుంది. పొద్దున వేడన్నంలో కలిపి, కొంచెం ఆవపిండి చల్లితే పులిహోర. పల్లీలు మాత్రం పులుసులో వేసి ఉడికించకండి. విడిగా వేయించి పెట్టుకుని ఆరోజు కలపండి. కరకరలాడకపోతే పేచీ మళ్ళీ మొదటికి వస్తుంది.

కందిపొడి సీసా రెండోది. కందిపప్పు గ్లాసు, శెనగపప్పు అరగ్లాసు, ఎండుమిర్చి ఎనిమిది, జీలకర్ర చెంచా. నూనె లేకుండా సన్నని సెగ మీద దేనికది దోరగా వేయించి, ఉప్పు వేసి పొడి కొట్టాలి. మాడిందంటే ఆ చేదు నెల్లాళ్ళూ వెంటాడుతుంది కనుక తొందరపడకండి. మూడో సీసాలో కరివేపాకుపొడి. కూరలో కరివేపాకు తీసి పారేసే మహానుభావులందరూ కరివేపాకుపొడిని మాత్రం నెయ్యి వేసుకుని లొట్టలు వేస్తూ తింటారు. ఆకును ఆకులా చూడడమే వాళ్ళకి కష్టం!

గిన్నె అంటే ఉడికించిన ముద్దపప్పు గిన్నె. ఆదివారం గ్లాసున్నర కందిపప్పు కుక్కర్లో ఉడికించి, చల్లార్చి, మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బుధవారందాకా మూడు పూటలకి వస్తుంది. ఒకరోజు అందులో పాలకూర, ఒకరోజు టమాటా, ఒకరోజు మామిడికాయ. అన్నంలో కలపకుండా చిన్నగిన్నెలో చిక్కగా పెట్టాలి.

కూరల మాటకి వస్తే, తరిగిపెట్టడం అన్నిటికీ కుదరదు. బీన్స్, దొండకాయ, క్యారట్, క్యాబేజీ తరిగి, తడి లేకుండా గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు పాడుకావు. వంకాయ, అరటికాయ ముందుగా తరిగితే నల్లబడతాయి. ఆకుకూరలు ముందుగా కడిగితే కుళ్ళిపోతాయి, కడగకుండా కాగితంలో చుట్టి పెట్టుకోవాలి. బీన్స్ ముక్కల్ని మరిగే ఉప్పునీళ్ళల్లో మూడు నిమిషాలుంచి, తీసి చన్నీళ్ళల్లో వేసి వార్చి పెట్టుకుంటే, పొద్దున పోపులో అయిదు నిమిషాలు వేయిస్తే కూర. డబ్బాలోకి ఎప్పుడూ పొడికూరే. పులుసుకూరలు రాత్రి భోజనానికి.

పెరుగన్నం పులిసిందని తిరిగి తెచ్చేవారికి మన అమ్మమ్మలు చెప్పిన ఉపాయం వుంది. మెత్తగా ఉడికిన అన్నం ఒక గ్లాసు వేడిగా వుండగానే మెదిపి, గోరువెచ్చని పాలు గ్లాసున్నర పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి. అల్లం, పచ్చిమిర్చి పోపు పెట్టండి. ఏడింటికి డబ్బాలో కట్టిన ఆ పాలన్నం ఒంటిగంటకల్లా డబ్బాలోనే తోడుకుని, పులుపు లేని కమ్మని దద్ధోజనం అవుతుంది. దారి పొడుగునా వంట తనంతట తానే జరిగిపోతుందన్నమాట!

అన్నం గురించి ఒక హెచ్చరిక

ముందుగా చేసిపెట్టుకునే ఉత్సాహంలో అన్నాన్ని మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి వుండవచ్చు. దాని బీజాలు ఎసట్లో ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి గది వేడిలో వుంటే అవి మొలకెత్తి పెరిగి విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషాల్లో వాంతులు పుట్టించేది మళ్ళీ వేడిచేసినా పోదు. అంచేత వీలైనంతవరకు అన్నం ఆపొద్దున్నే వండుకోవడం మంచిది. బియ్యం రాత్రే కడిగి, నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున కుక్కరు ఎక్కించడమొక్కటే పని. రాత్రి అన్నమే వాడాలనుకుంటే, వండిన గంటలోపల వెడల్పాటి పళ్ళెంలో ఆర్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాడే పొగలు వచ్చేదాకా వేడిచేసి వాడుకోవాలి. మూడో పూటకి ఉంచకూడదు. డబ్బాలో వేడన్నం పెట్టినవెంటనే మూత బిగించకండి. కాస్సేపు ఆవిరి పోనిచ్చి మూతపెడితే చెమర్చదు, నానదు.

ఇక పోషణ సంగతి. పేచీకోరులకి వచ్చే చిక్కల్లా ఎడమవైపు జాబితా అంతా బియ్యం, రవ్వలే అయి కూచోవడం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఆహార మార్గదర్శకాలు ప్రకటించారు. రోజుకి మనకి అందే శక్తిలో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని వారి మాట. రోజుకి 2,000 కేలరీలు తినేవారికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పుల వంటివి 85 గ్రాములు వుండాలన్నారు. మన డబ్బాల్లో తలకిందులుగా వుంటుంది. కొండంత అన్నం, గోరంత కూర. ఇడ్లీలో, పెసరట్టులో, పొడుల్లో పప్పు వుండనే వుంది. ధాన్యంలో కొరవడినది పప్పు పూరిస్తుంది, పప్పులో కొరవడినది ధాన్యం పూరిస్తుంది. కూరల సంగతే చూసుకోవాలి.

దానికి పెద్దవాళ్ళ దగ్గర దొంగతనం పనికిరాదు. తిననిదాన్ని రుబ్బి పిండిలో కలిపి పెట్టారనుకోండి, కనిపెట్టిన రోజున పిండి మీద కూడా నమ్మకం పోతుంది. ఎడమవైపున్న పదార్థం పక్కన, కుడివైపుది ఒక్క చెంచాడు పెట్టాలి. పక్షానికి ఒకటి. తింటే సంతోషం, వదిలేస్తే మాటాడకూడదు. మా తమ్ముడు కందిపొడి అన్నం పక్కన దొండకాయ వేపుడుతో మొదలుపెట్టాడు, తరవాత బీన్స్ అలవాటయింది, క్యాబేజీకి వచ్చాడు. పొట్లకాయ ఇప్పటికీ కుడివైపే వుంది. వుండనివ్వండి, పొట్లకాయ తినకపోతే కొంప మునగదు.

ఆదివారం రెండు గంటలు

ఇదంతా వినడానికి పెద్ద పనిలా వుంటుంది. లెక్కవేస్తే ఆదివారం రెండు గంటలు. శనివారం రాత్రి పప్పు నానబెడితే ఆదివారం పొద్దున రుబ్బడం, రవ్వ వేయించడం, పప్పు ఉడికించడం, రెండు రకాల కూరలు తరగడం. పులుసు, పొడులు నెలకి రెండుసార్లే. తరవాత వారమంతా ఇలా నడుస్తుంది. సోమవారం ఇడ్లీ, డబ్బాలో పాలకూరపప్పు, బీన్స్ వేపుడు. మంగళవారం ఇడ్లీ, పులిహోర, పల్లీలు, దద్ధోజనం. బుధవారం దిబ్బరొట్టె, టమాటాపప్పు, దొండకాయ. గురువారం ఉప్మా, కందిపొడి అన్నం నేతితో, క్యారట్ కూర. శుక్రవారం పెసరట్టు, కరివేపాకుపొడి, దద్ధోజనం. క్యారట్ బుధవారం రాత్రి తరుక్కుంటే చాలు. గుడ్డు తినే ఇళ్ళల్లో ఉడికించిన గుడ్లు పెంకుతోనే ఫ్రిజ్‌లో వారం దాకా వుంటాయి. వాసన పేచీ వున్నవాళ్ళు అది ఇంట్లోనే ఫలహారంతో తినడం మంచిది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇదంతా ఎవరు చేశారు? వాడే. ఆదివారం వంటింట్లో గిన్నె దగ్గర ఫోను నిలబెట్టి, నన్నూ అమ్మనూ ఇటువైపు కూచోబెట్టి చేశాడు. మొదటిసారి రవ్వ కొంచెం మాడింది. “బావుంది, నేనే చేశానుగా” అని అదే వారమంతా తిన్నాడు. అమ్మ చేసినప్పుడు మాడిన గింజ ఒక్కటి కనిపిస్తే కంచం నెట్టేవాడు! తన చేత్తో చేసుకున్నదానికి వంకపెట్టడం ఎంత పేచీకోరుకైనా కష్టమే. పైగా తరగడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాడు ఏరిపారెయ్యడానికి కాస్త వెనకాడతాడు.

నాలుగు నెలల తరవాత అమ్మ తెనాలి వెళ్ళింది. అలవాటుకొద్దీ ఇప్పటికీ నాలుగింటికే మెలకువ వస్తుందట. మొదటి వారం ఆవిడకి చాలా కష్టమనిపించింది. “నా చేతిలో పని లాగేసుకున్నారు. ఇంక నేనెందుకు ఈ ఇంట్లో?” అని నాతో ఫోనులో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట నవ్వి కొట్టెయ్యదగ్గది కాదు. నలభై ఏళ్ళు వండి పెట్టడంలోనే తన ప్రేమంతా చూపించిన మనిషిని ఒక్కసారిగా కుర్చీలో కూచోబెట్టి విశ్రాంతి తీసుకోమంటే, అది విశ్రాంతిలా వుండదు, వెలివేసినట్టు వుంటుంది. అందుకని పొడులు అమ్మవంతు అనుకున్నాం. బల్ల మీద చిన్న స్టవ్వు పెట్టుకుని, కుర్చీలో కూచుని, తనకి తోచినవేళ వేయిస్తుంది. ఎంత దోరగా వేగాలో ఆవిడకి తెలిసినట్టు వాడికి తెలియదు. నాకూ తెలియదు. పొద్దున పిండి వాడిది, పొయ్యి వాడిది, సీసాలు అమ్మవి.

నాకు ఉత్తరాలు రాసే సోదరీమణులకు నేను చెప్పేదీ అదే. మీ వారికో, మీ అబ్బాయికో, మీ అమ్మాయికో నచ్చేటట్టు ఇంకా ఏం వండాలా అని మీరు మరో అరగంట ముందు లేవకండి. ఈ ఆదివారం వారి చేతికి ఒక కాగితం ఇవ్వండి, ఆ పైన ఒక గరిట ఇవ్వండి. మీ పని పోదు, మీ పనిలోని బలవంతం పోతుంది. ఇక పేచీ పెట్టే పెద్దలు ఎవరైనా ఈ పేజీ చదువుతూ వుంటే వారికి ఒక్కటే మనవి. రాత్రి పడుకోబోయేముందు గ్లాసు పెసలు నానబొయ్యండి. దానికి వంట రానక్కరలేదు.